ఊగదని చెప్పిన ఓడ

ఓడ ఎక్కేముందు ఏం తినాలి, ఏమేం సర్దుకోవాలి అని నన్ను అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మా సూర్యాపేట వీధిలోనే రెండు కుటుంబాలు సెలవులకు పెద్ద ఓడల్లో సముద్రం మీద తిరిగి వచ్చాయి. వెళ్లేముందు మా ఇంటికి వచ్చి, "సార్, మీరు అన్నీ డైరీలల్ల రాసి పెట్టుకుంటరట గద, ఓడ సంగతి జర చెప్పుండ్రి" అని కూర్చున్నారు. తెలిసింది చెప్పి పంపించాను. చెప్పనిది ఒకటే. నేను ఇంతవరకు ఓడ ఎక్కలేదు. హార్బరు గేటు దాటి లోపలికి కూడా పోలేదు. ఓడ ప్రయాణం గురించి నాకు తెలిసిన దాంట్లో సగం, మా అక్కను పంపించడానికి మూడు నెలలు పడిన తిప్పలలో తెలిసింది. మిగతా సగం ఆమె తిరిగి వచ్చి చెప్పింది. ఆ సగంలో నా తప్పు ఒకటి ఉంది కాబట్టి, దాన్ని కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అది ఎనభైల చివరి మాట. నేను మిర్యాలగూడలో కాలువల ఆఫీసులో గుమాస్తాను. కిరాయి ఇంట్లో ఉండేవాణ్ణి. అక్కను ఇచ్చింది కోదాడలో. బావకు సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాల పొలం, రెండు బర్రెలు. వాళ్లకు ఒక్కతే కూతురు. ఆ పిల్లను అనంతగిరి పక్క కుర్రవాడికి ఇచ్చారు. అతను క్రేన్ల మెకానిక్కు. ఉద్యోగం పోర్ట్‌బ్లెయిర్ హార్బరులో దొరికింది. పెళ్లయిన నెలకే పిల్ల అండమాన్ ద్వీపాలకు కాపురానికి వెళ్లిపోయింది.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. మా ఇళ్లల్లో దానికి మరో మాట లేదు. ఏడో నెలలో పిల్లను తీసుకొస్తామని అక్క పాత నూలు చీరలు ఉతికి, చించి, బొత్తులు పెట్టుకుంది. కార్తీకంలో ఉత్తరం వచ్చింది. పిల్లకు రక్తపోటు ఎక్కువగా ఉంది, ప్రయాణం ఏదీ చేయరాదని అక్కడి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చివర రెండే మాటలు పెద్ద అక్షరాలతో రాసింది: "అమ్మను పంపండి."

ఉత్తరం చదివి వినిపించడానికి నేనే కోదాడ వెళ్లాను. విన్నాక ముగ్గురికీ ఒకటే భయం పట్టింది. కారణం మాకు తెలుసు. అక్కకు బస్సు పడదు. కోదాడ నుంచి సూర్యాపేటకు గంట ప్రయాణం. ఆ గంటలోనే వాంతులతో సొమ్మసిల్లి, మా అమ్మ ఇంటికి చేరాక పొద్దు వాలేదాకా లేచేది కాదు.

"ఓడల మూడు రోజులట," అన్నాడు బావ. "మునగాల రాకముందే తలకాయ కిటికీల పెట్టే మనిషివి. మూడు రోజులల్ల పేగులే బయటికొస్తయ్."

"వస్తె రానియ్. చేతుల వట్టుకోని దిగుత," అంది అక్క.

"నేనే పోత తియ్."

"నువ్వు పోయి ఏం జేస్తవ్? పురుడు పోస్తవా? బాలింతకు కారం నూరుతవా? బర్రె ఈనితెనే బజారుకు ఉరుకుతవ్."

బావ బీడీ వెతుక్కుంటూ వాకిట్లోకి పోయాడు. అక్క నావైపు తిరిగింది.

"తమ్మి, నువ్వు అన్నిటికి లెక్క వట్టి చేస్తవ్ గద. నేను గాడ నా కాళ్ల మీద దిగాలె. నన్ను మంచం మీద మోసుకపోతె, నేను బిడ్డకు చేసుడా, నిండు చూలాలు నాకు చేసుడా? గది జూడు నువ్వు. మిగిలిందేదన్న నేను పడ్త."

అదీ నాకు అప్పగించిన పని. చేరితే చాలదు. లేచి నిలబడగలిగేటట్టు చేరాలి.

ఆ వారమే పాత డైరీలు తీశాను. చదువు ముగిసిన ఏడాది నుంచి రోజూ రాస్తున్నాను. గొప్ప విషయాలేమీ ఉండవు. ఎండ, వాన, ఏ బస్సు ఎంత ఆలస్యం, ఎవరు వచ్చారు, ఏం తిన్నాం. అక్క వచ్చిన రోజుల్లో ఆమె పరిస్థితి కూడా ఒక ముక్క రాసే అలవాటు. ఆ ముక్కలన్నీ వేరే కాగితం మీద ఎక్కించాను. పద్నాలుగు ప్రయాణాలు దొరికాయి. పదకొండింటికి ఎదురుగా "వాంతులు", "చాలా వాంతులు", "మునగాల దగ్గర దింపి మళ్లీ ఎక్కించారు" అని ఉంది. మూడింటికి ఎదురుగా ఏమీ లేదు.

ఆ మూడు ఏవని చూశాను. ఒకటి, మా అమ్మ జారిపడినప్పుడు కబురు అంది, తింటున్న విస్తరి ముందు నుంచి లేచి లారీలో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చిన రోజు. రెండోది వాడపల్లిలో పెళ్లి భోజనం చేసి, ట్రాక్టరు ట్రాలీలో అందరితో కలిసి తిరిగి వచ్చిన రోజు. మూడోది నా ఆఫీసు జీపులో, కూతురి పెళ్లి చీరలు కొని, దారిలో హోటల్లో పూరీలు తిని వెళ్లిన రోజు.

అప్పుడు అర్థమైంది. మిగతా పదకొండూ ముందుగా అనుకుని చేసిన ప్రయాణాలు. ముందుగా అనుకుంటే మా ఇంట్లో అక్కకు ఒక పద్ధతి ఉండేది. ముందురోజు సాయంత్రం నుంచి అన్నం పెట్టేవాళ్లు కాదు. కడుపు ఖాళీగా ఉంటే పైకి వచ్చేదేమీ ఉండదని అందరి నమ్మకం. పొద్దున రెండు గుక్కల నిమ్మరసం, చేతిలో ఒక నిమ్మకాయ, బస్సు సీటు మీద పాత పేపరు పరిచి దాని మీద కూర్చోబెట్టడం. పేపరు సంగతి బావ ప్రత్యేకం. "ఆదివారం పేపరైతె దొడ్డుగుంటది, మంచిగ పని చేస్తది" అని దాచిపెట్టేవాడు. ఇరవై ఏళ్లుగా మేమంతా ప్రేమతో ఆమెను పస్తు పెట్టి బస్సు ఎక్కించాం. వాంతులు రాని మూడు రోజులూ ఆమె కడుపులో తిండి ఉంది, మొహానికి గాలి తగిలింది.

దవాఖానలో తెలిసిన కాంపౌండరును అడిగితే ఆయన కూడా అదే అన్నాడు. ఉత్త కడుపుతో ఎక్కితే ఇంకా ఎక్కువ తిప్పుతుంది, నూనె లేని తిండి కొంచెం తిని గంట ఆగి ఎక్కమన్నాడు. మాత్రలు ఇచ్చి, "మొదలయినంక మింగితె ఏం లాభం లేదు, ఎక్కే ముందే మింగాలె, నిద్ర మబ్బు వస్తది, భయపడొద్దు" అన్నాడు. ఈ రెండు ముక్కలూ ఇప్పటికీ ఎవరు అడిగినా చెబుతాను.

తరువాత పరీక్షలు మొదలుపెట్టాం. మొదటిది కోదాడ నుంచి సూర్యాపేట. పెరుగన్నం తినమంటే అక్క ముద్ద చేతిలో పట్టుకుని విషం చూసినట్టు చూసింది. తిన్నది. కానీ బస్సు నిండిపోయి ఉంది, వెనక సీటే దొరికింది. మునగాల దాటాక ఒక్కసారి వాంతి అయింది. దిగాక మాత్రం, ఎన్నో ఏళ్లలో మొదటిసారి, బస్టాండు నుంచి ఇంటికి నడిచి వచ్చింది. "ఒకసారి. నడక" అని రాసుకున్నాను. రెండోది కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ. ఇడ్లీలు తిని గంట ఆగి, మాత్ర వేసుకుని, డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. దగ్గరి వస్తువులు చూడకుండా దూరంగా మిల్లుల పొగ గొట్టాల వైపు చూడమన్నాను. ఏమీ కాలేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, "ఆకలయితుంది, ఏమన్న పెట్టు" అని నా భార్యను అడిగింది. ఆ మాట విని నా భార్య కళ్లు తుడుచుకుంది.

ఇక మిగిలింది నీళ్లు. మాకు దగ్గరలో ఉన్న పెద్ద నీళ్లు నాగార్జున సాగర్. అక్కడ లాంచీ ఉంది. కొండ మీది మ్యూజియానికి జనాన్ని తీసుకుపోయి తెస్తుంది. ఒక ఆదివారం ముగ్గురం వెళ్లాం. బావ తన పేపరు తెచ్చుకున్నాడు. లాంచీ కింది భాగంలో కూర్చున్నంతసేపు డీజిలు వాసనకు అక్క మొహం వాడిపోయింది. పైకి తెచ్చి గాలికి నిలబెట్టగానే తేరుకుంది. పోయి వచ్చాక రేవులో మిరపకాయ బజ్జీలు కూడా తిన్నది. నేను డైరీ తీసి, ఆమె చూస్తుండగానే "పాస్" అని రాశాను.

అక్కాబావా బజ్జీల దగ్గర ఉండగా లాంచీ నడిపే పెద్దాయన నా దగ్గరకు వచ్చాడు. మా హడావుడి చూసి విషయం అడిగి తెలుసుకున్నాడు. "సార్, మీరు చదువుకున్నోళ్లు. ఇగ గిది కట్ట వోసి ఆపిన నీళ్లు. సముద్రం గిట్లుండదు. అది కింది నుంచి లేపుతది" అన్నాడు.

ఆ మాట ఆ రోజు డైరీలో ఉంది. అక్కకు మాత్రం చెప్పలేదు. కాలువలు, తూములు, చెరువులు చూసుకునే ఊళ్ల వాళ్లం మేము. నీళ్లంటే మాకు తెలుసు అనుకున్నాం. తెలియదని ఆ పెద్దాయన చెప్పాక కూడా, ఆమె మొహంలో కొత్తగా వచ్చిన ధైర్యం చూసి నోరు మూసుకున్నాను.

సామాను సర్దడంలో నేను కొంచెం చాదస్తం చూపించిన మాట నిజం. అల్లుడు ఉత్తరంలో రాసిన దాన్ని బట్టి, ఓడలో ఆమెకు దొరికేది కింది అంతస్తులో వరసగా ఉండే పడక. దాని కింద ట్రంకుపెట్టె పట్టదు. అందుకని రెండు గుడ్డ సంచులు కుట్టించాను. ఒకటి మూడు రోజుల్లో చేతికి కావలసినవి: రెండు చీరలు, తువ్వాలు, మాత్రలు, అటుకులు, నిమ్మకాయ ఊరగాయ, నీళ్ల డబ్బా, వాంతి వస్తే పట్టుకోవడానికి మందపాటి ప్లాస్టిక్ కవర్లు. రెండోది అక్కడికి చేరాక విప్పవలసినవి: నూలు గుడ్డలు, శొంఠి, వాము, బాలింతకు పెట్టే కాయం, వెల్లుల్లి కారం. అల్లుడి చిరునామా మూడు చోట్ల పెట్టాను. సంచిలో ఒకటి, కొంగున ఒకటి, మూడోది గుడ్డలో పెట్టి రవిక లోపల కుట్టించాను. ఓడలో మెట్లు నిటారుగా ఉంటాయని విని, సూర్యాపేటలో మా ఇంటి అటక నిచ్చెన మీద అక్కకు దిగడం నేర్పాను. మొహం మెట్లవైపు, రెండు చేతులతో పట్టు, కుచ్చిళ్లు దోపుకుని. మా అమ్మ మంచం మీద నుంచి చూసి, "ఈ వయసుల దీన్ని సర్కసుకు పంపుతున్నవారా?" అంది.

ఒక్క వస్తువు దగ్గర బావకూ నాకూ తగువు వచ్చింది. పది కిలోల పాత బియ్యం మూట.

"అక్కడ బియ్యం దొరకదా బావా? అల్లుడు ఏం తింటున్నాడు ఇన్నాళ్లూ?"

"ఏం తింటుండో ఏమో! బాలింతకు కొత్త బియ్యం పెడ్తె అరుగుతదా? నా పొలంల వడ్లు ఏడాది పాతవెట్టి దంచిచ్చిన. నీ కాయిదంల లేదని వద్దంటవా?"

"మోసేది అక్క."

"అది మోస్తది."

"నేను మోస్త తియ్," అని అక్క కూడా అనేసింది. నేను మాత్రం ఒప్పుకోలేదు. జాబితాలోంచి కొట్టేశాను. విజయవాడలో మద్రాసు రైలు ఎక్కేటప్పుడు చూస్తే మూట సీటు కింద ఉంది. బావ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎటో చూస్తున్నాడు. యాసంగి పంటకు కాలువ నీళ్లు వదిలారు, తన వంతు తప్పితే మడి ఎండుతుందని ఆయన అక్కడితో ఆగిపోయాడు. నాకూ నాలుగు రోజుల సెలవే దొరికింది. ఓడ పోయి రావడానికి రెండు వారాలు పడుతుంది. అంటే అక్క సముద్రం మీద ఒంటరిగానే పోవాలి. హైదరాబాదుకు కూడా ఒక్కతే పోని మనిషి.

ఓడ చెప్పిన రోజున కదలలేదు. రెండు రోజులు ఆలస్యమన్నారు. మద్రాసులోనే ఒక సత్రంలో ఉన్నాం. ఆఫీసుకు టెలిగ్రాం ఇచ్చాను. ఓడ ప్రయాణానికి అటూ ఇటూ రెండు రోజులు చేతిలో పెట్టుకోవాలని అప్పుడే నేర్చుకున్నాను.

ఆ రెండో రోజు సాయంత్రం అక్కను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాను. ఇద్దరం సముద్రం చూడటం అదే మొదటిసారి. ఇసుకలో కూర్చున్నాం. దూరంగా ఒక పడవ కనిపిస్తోంది, మాయమవుతోంది, మళ్లీ కనిపిస్తోంది. లాంచీ పెద్దాయన అన్నది నాకు కళ్ల ముందే ఉంది. అక్క చాలాసేపు దాన్ని చూసింది.

"తమ్మి, ఓడ గూడ గట్లనే ఊగుతదా?"

"అది చిన్న పడవ అక్కా. ఓడ మన ఊరి రైసుమిల్లు కంటే పెద్దది. అంత బరువు ఊగదు."

"ఊగదా?"

"ఊగదు."

ఆమె తల ఊపింది. ఇంకేమీ అడగలేదు. నా మాట మీద అంత నమ్మకం ఆమెకు. మర్నాడు పొద్దున హార్బరు గేటు దగ్గర పెట్టిన ఇడ్లీలు తిని, మాత్ర మింగి, భుజానికి రెండు సంచులు, నెత్తి మీద బియ్యం మూటతో ఆమె లోపలికి నడిచింది. సాగనంపే వాళ్లను గేటు దగ్గరే ఆపేశారు. దూరంగా ఓడ తెల్లటి పక్కగోడ, దాని మీద వరసగా గుండ్రటి కిటికీలు కనిపించాయి. ఆమె జనంలో కలిసిపోయేదాకా నెత్తి మీది మూట కనిపిస్తూనే ఉంది.

మిర్యాలగూడ వచ్చాక నా డైరీలో వరసగా ఐదు రోజులు ఒకటే మాట ఉంది: "కబురు లేదు." ఆరో రోజు మధ్యాహ్నం బావ కోదాడ నుంచి బస్సులో మా ఆఫీసుకు వచ్చాడు. జేబులోంచి టెలిగ్రాం తీసి నా బల్ల మీద పెట్టాడు. పోస్టుమాన్ చేత ఒకసారి, మందుల షాపు అతని చేత ఒకసారి చదివించుకుని వచ్చినా, నేను చదివితే గానీ నమ్మడు. అమ్మ క్షేమంగా చేరింది, ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. అంతే ఉంది.

"క్షేమమని ఉంది గని, బామ్మర్ది, నడిసి దిగిందా, ఎత్తి దించిండ్రా? గది ఎందుకు రాయలే?"

"టెలిగ్రాంలో అంత రాయరు బావా."

"ఇంకొక్క ముక్కకు ఏం పోయింది ఆళ్లకు?" అని ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, వెనకవైపు ఏమైనా ఉందేమోనని.

ఇరవై రోజులకు మేనకోడలి ఉత్తరం వచ్చింది. అమ్మ తన కాళ్ల మీదే దిగింది, రేవులో తనను చూసి నవ్వింది అని రాసింది. బావ ఆ ఉత్తరం కోదాడ బజారంతా వినిపించాడు. నేను అక్కడితో నా లెక్క సరిపోయింది అనుకున్నాను.

అక్క వానలు పడకముందే, ఎండాకాలం చివర్లో తిరిగి వచ్చింది. నేను ఆ ఆదివారం కోదాడ వెళ్లేసరికి వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని ఆవకాయకు మామిడికాయలు కొడుతోంది. నల్లబడింది, చిక్కింది. నన్ను చూసి లేవలేదు.

"రా రా. ఊగదంటివి గద."

ఆమె కాయ కొడుతూనే చెప్పింది.

"పొద్దుగాల మంచిగనే ఉండె. మధ్యాన్నం దాటినంక కింది నుంచి ఎవలో లేపినట్టు లేపింది. మల్ల దించింది. నా పడక ముందు కొసకు వచ్చింది. గాడ ఎక్కువ ఊగుతదట, నడుమ తకువట. నాకేం ఎరుక? ఓడ ఊగదని నువ్వు చెప్తివి. నువ్వు అబద్దం చెప్పవు. మరి ఊగేది ఏంది? నేనే అనుకున్న. నా తలకాయలనే ఏదో నరం తెగింది, ఇగ ఖతం, బిడ్డ మొకం చూడకుంటనే పోత అనుకున్న. వాంతులకు భయపడలే తమ్మి. వాంతులు నాకు కొత్తనా? నువ్వు ఊగదన్నందుకు భయపడ్డ."

బావ పక్కన కూర్చుని కొట్టిన ముక్కలు గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఎవలకు చెప్పలే. కండ్లు మూసుకోని ఉత్త కడుపుతోటి పండుకున్న, ఒక పగలు, ఒక రాత్రి. పక్క పడక మీద శ్రీకాకుళం దిక్కు ముసలామె ఉండె, ఏండ్ల సంది అండమాన్లనే ఉంటదట. నా చెయ్యి వట్టుకోని, 'ఏటమ్మా అలగున్నావ్?' అన్నది. నాకు రోగమొచ్చింది అమ్మా, అంత ఊగుతుంది అన్న. గామె నవ్వింది. 'నీకేటీ నేదు. ఓడే ఊగతంది. అందరికీ ఊగతంది. నెగు, పైకి పోదుం' అన్నది. గా ఒక్క మాటకు నా పానం నాకు మల్ల వచ్చింది. ఓడకు రోగం గని నాకు కాదు."

ఆ ముసలామె ఆమెను మెట్ల మీద పైకి తీసుకుపోయింది. డెక్కు మీద గాలికి నిలబెట్టి, నీళ్లూ ఆకాశమూ కలిసే గీత చూపించి, దాన్నే చూడమంది. నాలుగు అటుకులు నోట్లో పోసింది. అక్కడి నుంచి అక్క గంటకోసారి ఏదో ఒకటి నమిలింది. పడకలో దొర్లిపోకుండా, గోడకూ బియ్యం మూటకూ నడుమ ఇరుక్కుని పడుకుంది.

"ఇనవడ్డదా?" అన్నాడు బావ నావైపు చూసి. "నీ కాయిదంల కొట్టేసిన మూట."

"నువ్వు సంచిల వెట్టిన పేపరైతె మొదటి దినమే నీళ్లల్ల పారేసిన," అంది అక్క ఆయనతో. నాకు ఆ రోజు నవ్వు రాలేదు.

అక్క నన్ను తిట్టలేదు. ఇప్పటికైనా తెలుసుకో అన్నట్టు ఒక్కసారి చూసింది, అంతే. ఓడ ప్రయాణానికి సలహా అడిగేవాళ్లకు ఇప్పుడు నేను తిండి, మాత్రల కంటే ముందు చెప్పేది ఇదే. ఊగుతుంది. అందరికీ ఊగుతుంది. పెద్ద ఓడ కూడా ఊగుతుంది. మీ వెంట వచ్చే పెద్దవాళ్లకు, భయపడతారని దాచకుండా, ఎక్కే ముందే చెప్పండి. వీలైతే ఓడ నడుమ గది తీసుకోండి. ఇది చెబుతుంటే కొందరి మొహాలు చిన్నబోతాయి. సెలవులకు సరదాగా పోయేవాళ్లకు ఎందుకు చెప్పాడా అనుకుంటారు. అనుకోనీ.

ఆ వాకిట్లో నేను అక్కను ఒక్కటే అడగగలిగాను.

"దిగినంక బాగైందా అక్కా?"

"ఏడ? దిగినంక భూమి ఊగుడు మొదలువెట్టింది." ఆమె ముక్కలోని జీడి తీసి పక్కన పెట్టింది. "రేవుల అడుగు వెట్టిన్నో లేదో, నేల మెత్తగ కిందికి పోయింది. బిడ్డ ఎదురుంగ నిలవడి ఉంది, కడుపు గింత పెద్దగ. పడితె దాని గుండె వగులుతది. నవ్వుకుంట నడిసిన. తెల్లారి నొప్పులొచ్చినయ్. మూడు దినాలకు దవాఖాన నుంచి ఇంటికి తెచ్చుకున్నం. పసిదానికి నీళ్లు పొయ్యాలె. పీట మీద కూసోని కాళ్లు సాపిన. దాన్ని కాళ్ల మీద పండవెట్టిన, ఒళ్లంత నూనె. గప్పుడు సుత నేల జర జర ఊగుతనే ఉంది."

"మన పిల్లకు చెప్పకపోయినవా?" అన్నాడు బావ.

"ఎందుకు చెప్పుడు? ఈపాలి నాకు ఎరుకనే గద. ఓడ ఇంకా నా ఒంట్లకెళ్లి దిగలే, దాని మానాన అదే దిగిపోతది అనుకున్న. మోకాళ్లు దగ్గరికి వట్టుకున్న. ఒక చేత్తోటి మెడ వట్టుకోని, ఒక చేత్తోటి పోసిన."

"జారలేదు గద?"

"జారలే," అంది అక్క. ఇంకో కాయ అందుకుంది. "దాని కండ్లల్ల ఒక్క సుక్క నీళ్లు సుత పడలే."